ఊపిరాడని దొంగ

"పరిగెత్తింది నువ్వు కాదంటావు. కానీ ఎర్ర చలి జాకెట్టు నీది. సంచీ నీది. అందులో దొరికిన వెండి ముఖతొడుగు మాత్రం ఎలా వచ్చిందో తెలీదంటావు. అంతేనా?"

"అంతే సార్. కాస్త మెల్లగా అడగండి. మీరు మాట్లాడుతుంటే నా తలలో ఎవరో మేకులు దిగ్గొడుతున్నట్టుంది."

లెఫ్టినెంట్ ఎద్విన్ ఉసేదా పెన్సిలు బల్ల మీద పడేసి కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా కూచున్న అమ్మాయి పేరు హిమేనా. ఉరుగ్వేలో సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు ఆమెది. చదువు పూర్తవగానే వీపుకి సంచీ తగిలించుకుని దేశాలు చూడటానికి బయల్దేరింది. ఆ రోజు పొద్దున్నే సముద్రమట్టాన ఉన్న లీమా నుంచి వచ్చిన విమానంలో, ఎత్తైన కొండల మీది లా పాస్‌లో దిగింది. ఊరు చూడటం మొదలుపెట్టిన పూటే పోలీసు స్టేషను కూడా చూసేసింది.

తలుపు తోసుకుని ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చారు. ముందున్నావిడ ఆకుపచ్చ పావడాలు, గుండ్రటి టోపీ, భుజాన రంగుల శాలువా వేసుకుని సంతకి బయల్దేరినట్టుంది. వెనకావిడ హిమేనా బస చేసిన సత్రం యజమానురాలు, జెనోబియా.

లెఫ్టినెంట్ ముఖం మాడిపోయింది. "దోన్యా సబీనా. మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"నేనే పిలిచాను," అంది జెనోబియా. "నా సత్రంలో దిగిన పిల్లని దొంగంటే రేపు నా గుమ్మం ఎవరు తొక్కుతారు? మా వదిన ఉండగా నాకేం భయం?"

దోన్యా సబీనా తర్కి చాలాకాలం పోలీసు ఉద్యోగం చేసి మానేసింది. ఇప్పుడు సాల్తెన్యాలనే మాంసపు కజ్జికాయలమ్మే అంగడి మీది గదిలో సొంతంగా నేరపరిశోధన చేస్తోంది. లెఫ్టినెంట్ ఉద్యోగంలో చేరిన కొత్తలో రిపోర్టులు ఎలా రాయాలో నేర్పింది ఆవిడే. ఆ సంగతి ఆయన మరిచిపోవాలని చూస్తాడు. ఆవిడ మరవనివ్వదు.

"ఎద్విన్ బాబూ, బాగా ఒళ్లు చేశావు."

"లెఫ్టినెంట్ అనండి."

"లెఫ్టినెంట్ బాబూ. ఏం పోయింది, ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు? చెప్పు. నీకూ మళ్లీ వల్లె వేసినట్టుంటుంది."

ఆయన పళ్లు బిగించి చెప్పాడు. లాస్ ఆందెస్ వీధిలో ముఖతొడుగులు చేసే దోన్ ఇలారియోన్ కల్లిసాయ దగ్గర వాళ్ల తాతనాటి వెండి ముఖతొడుగు ఒకటుంది. గ్రాన్ పోదేర్ ఊరేగింపులో వాళ్ల మొరెనాదా నాట్యమండలికి ముందు నడిచే మనిషి దాన్నే పెట్టుకుంటాడు. ఆ ముఖం లేకుండా ఆ మండలి ఏనాడూ అడుగు కదపలేదు. ఊరేగింపు రేపే. ఈ పొద్దున ముసలాయన జిగురు వేడి చేయడానికి వెనక గదిలోకి వెళ్లగానే ఎవరో లోపల దూరి దాన్ని ఎత్తుకుపోయారు. ఎర్ర జాకెట్టు, తల మీదికి లాక్కున్న టోపీ, వీపున నీలం సంచీ. పక్కనున్న మెట్లెక్కి పారిపోతుంటే అక్కడ బంగాళాదుంపలు అమ్మే ఆడవాళ్లందరూ చూశారు. ముఖం మాత్రం ఎవరికీ కనబడలేదు.

"తరవాత మాకో కబురొచ్చింది. చౌకులో బెంచీ మీద ఎర్ర జాకెట్టు పిల్ల ఉందని. వెళ్లి సంచీ విప్పితే తువ్వాలులో చుట్టిన ముఖతొడుగు." లెఫ్టినెంట్ మూలనున్న బీరువా వైపు చూపించాడు. సీలు వేసిన పారదర్శకపు సంచీలోంచి వెండి ముఖమొకటి గుడ్లురిమి చూస్తోంది. "దోన్ ఇలారియోన్ వచ్చి చూసి తనదేనన్నాడు. మధ్యాహ్నం పత్రికల వాళ్లొస్తున్నారు. సాయంత్రంలోగా పిల్ల జడ్జి ముందుంటుంది. అయిపోయింది కేసు."

"ఇంకా ఇదొకటుంది," అన్నాడు మళ్లీ, హిమేనా సామాన్ల నుంచి బిస్కట్ పొట్లం ఒకటి రెండు వేళ్లతో పైకెత్తి. అది దిండులా ఉబ్బిపోయి ఉంది. "లోపల ఏం దాచిందో పరీక్షకి పంపుతున్నాను."

సబీనా దాన్ని అందుకుని వేలితో నొక్కింది. "గాలి దాచింది. సముద్రం పక్కన మూతేసిన పొట్లం ఇంత ఎత్తుకొస్తే ఉబ్బక చస్తుందా? పుట్టి బుద్ధెరిగిన ఊళ్లో ఉంటూ ఇది కూడా తెలీదా నాయనా?"

హిమేనా అంత నెప్పిలోనూ ఫక్కున నవ్వి, వెంటనే తల పట్టుకుంది.

"నువ్వు చెప్పు తల్లీ. పొద్దున్నుంచి ఏం చేశావు?"

"సత్రంలో గది తీసుకుని, సంచీ అక్కడ పెట్టకుండానే తిరగడానికి పోయాను. అదే తప్పు. కేబుల్ కారెక్కాను. మంచుకొండ కనబడితే ఏడుపొచ్చింది, అంత బాగుంది. దిగాక చౌకు దాకా నడిచేసరికి కాళ్లు బరువెక్కి కళ్లు తిరిగాయి. లియాంద్రో నన్ను బెంచీ మీద పడుకోబెట్టి, నా జాకెట్టు తీసి మీద కప్పాడు. నిద్ర పట్టేసింది. లేచేసరికి పోలీసులు."

"లియాంద్రో ఎవరు?"

"నేనేనండీ," అన్నాడు కిటికీ పక్కన కంబళి కప్పుకుని కోకా ఆకుల టీ తాగుతున్న కుర్రవాడు. అందగాడు, చక్కగా మాసిన గడ్డం. "మాది అర్జెంటీనా. తను వచ్చిన విమానంలోనే వెనక వరసలో వచ్చాను. కేబుల్ కారు దగ్గర పరిచయం. నాకూ ఇక్కడి గాలి పడలేదు. మెట్టెక్కితే గుండె నోట్లోకొస్తోంది."

"ఆమె నిద్రపోయినంతసేపూ నువ్వు పక్కనే ఉన్నావా?"

లియాంద్రో తల దించుకున్నాడు. "అబద్ధం చెప్పలేనండీ. నేనూ కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తను లేదు. చాలాసేపటికి రొప్పుతూ వచ్చి పడుకుంది. నాకు తనంటే కోపం లేదు. కష్టమొచ్చి చేసిందేమో."

"నేను కదల్లేదు లియాంద్రో," అంది హిమేనా.  "లేవడానికే బలం లేదు."

"నీ మాట నమ్మాలా, ఆ అబ్బాయి మాట నమ్మాలా?" అన్నాడు లెఫ్టినెంట్. "అతనికి అబద్ధమాడే అవసరం ఏముంది?"

సబీనా టోపీ సర్దుకుంది. "దుంపలమ్మేవాళ్లు ఏమన్నారు? దొంగ మెట్ల మీద మధ్యలో ఎక్కడైనా ఆగిందా?"

"ఆగలేదు. ఒక్క ఊపున పైదాకా."

"అయితే ఆ మెట్లు చూద్దాం పద. ఈ పిల్లనీ, ఆమె సంచీనీ, ఆ ముఖతొడుగునీ తీసుకురా. సాక్షిని కూడా."

"ఇది నా కేసు."

"నీదే. పిల్ల మెట్లెక్కిందంటే నీ కేసు ఇంకా గట్టిపడుతుంది. నేను నోరు మూసుకుని ఇంటికి పోతాను."

లెఫ్టినెంట్ టోపీ అందుకున్నాడు. "మీరు నోరు మూసుకోవడం నా జన్మలో చూడలేదు. పదండి, చూద్దాం."

* * *

దోన్ ఇలారియోన్ దుకాణం మెట్ల అడుగునే ఉంది. గుమ్మం పక్కనే నిలువునా పైకి లేచిన రాతిమెట్లు, రెండు పక్కలా దుంపల గుట్టలు. సబీనా ముందు దుకాణంలోకి తొంగి చూసింది, తరవాత చౌకు వైపు చూసింది, తరవాత మెట్ల పైకి చూసింది.

"బెంచీ ఎటుంది ఎద్విన్ బాబూ?"

"అదిగో, కింద."

"మరి దొంగ పైకెందుకు పరిగెత్తినట్టు? దొంగతనం చేసి కొండెక్కి, మళ్లీ చుట్టూ తిరిగి దిగొచ్చి, ఎక్కడ నిద్రపోయిందో అక్కడే పడుకుందా?"

"దొంగలకి తెలివుంటే నా ఉద్యోగం ఉండేది కాదు."

"తెలివి సంగతి సరే. ఊపిరి సంగతి చూద్దాం. తల్లీ, నీ చేతనైనంత వేగంగా ఎక్కు. నటించకు. నటిస్తే నాకు తెలిసిపోతుంది."

హిమేనా చొక్కా చేతులు పైకి మడిచింది. నటించకూడదన్న పంతం ఆ పిల్ల ముఖంలో కనిపించింది. నిజంగానే పరిగెత్తింది. మొదటి మలుపు దాకా బాగానే పోయింది. తరవాత కాళ్లు తడబడ్డాయి, ఒక చేయి గోడకి ఆనింది, పెదాలు నీలంగా మారాయి. దుంపల గుట్ట పక్కన కూలబడి నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంది. అమ్మే ఆవిడ లేచి తన శాలువా కొసతో విసురుతూ, "ఎవరి బిడ్డోగానీ చంపేసేలా ఉన్నారే," అని కింద ఉన్నవాళ్లని తిట్టింది.

"నటన," అన్నాడు లెఫ్టినెంట్.

"ఆ పెదాల రంగు కూడా నటనేనా?"

"కొందరికి చేతనవుతుంది."

"సరే. పైకి పోయి మెట్ల చివర ఏముందో చూద్దాం. లియాంద్రో నాయనా, ఆ పిల్ల సంచీ కాస్త పట్టుకురా. నేను ముసలిదాన్ని. నీకు అలుపనిపిస్తే ఆగు. తొందరేం లేదు."

జెనోబియాని హిమేనా దగ్గర వదిలి మిగతావాళ్లు ఎక్కారు. సబీనా లియాంద్రో పక్కనే నడుస్తూ మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఎలా ఆడతారని అడిగింది. అర్జెంటీనావాడిని అడగకూడని ప్రశ్న అది. అతను మొదలుపెట్టాడు. ఏ ఆటలో ఎవరు ఎలా తప్పు చేశారో, రిఫరీ ఎంత దొంగో, ఆ గోలు ఎలా పడాల్సిందో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాడు. వీపున హిమేనా సంచీ, భుజాన తన సంచీ. మలుపు దాటింది, రెండో మలుపూ దాటింది. అతని కథ ఆగలేదు. వాళ్ల వెనక లెఫ్టినెంట్ ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, మెట్టుకొకసారి దేవుణ్ని తలుచుకుంటూ వస్తున్నాడు.

పైకి చేరగానే రోడ్డు. అంచున కారు ఆగి తిరిగి వెళ్లిన చక్రాల గుర్తులు బురదలో తాజాగా ఉన్నాయి. సబీనా వాటి దగ్గర వంగి చూసి లేచింది.

"అప్పుడు మా గోల్‌కీపర్ ఏం చేశాడంటే," అంటున్నాడు లియాంద్రో.

"ఏం చేశాడో తరవాత చెబుదువుగానీ. గుండె నోట్లోకొచ్చిందా నాయనా?"

లియాంద్రో నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. తరవాత ఒక్కసారిగా రొప్పడం మొదలుపెట్టాడు.

"ఆలస్యమైంది," అంది సబీనా. "ఇప్పుడు మానెయ్. రెండు సంచులు మోసుకుంటూ ఫుట్‌బాల్ పురాణం చెబుతూ ఎక్కావు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన లెఫ్టినెంట్ గారు అక్కడ కమ్మీకి వేలాడుతున్నారు చూడు. నువ్వు పొద్దున సముద్రం దగ్గర్నుంచి వచ్చినవాడివి కాదు. నెలల తరబడి ఇక్కడే ఉన్నావు."

లెఫ్టినెంట్ ఆఖరి మెట్టు మీదికి చేరుకున్నాడు. మాట రావడానికి కాస్త సమయం పట్టింది. "కుర్రాడు... ఆటగాడు... కావచ్చు. ఊపిరి ఎక్కువుంటే... నేరమా?"

"నేను అర్జెంటీనా రెండో లీగులో ఆడాను," అన్నాడు లియాంద్రో వెంటనే.

"ఆడే ఉంటావు. నీ జేబులో కనిపిస్తున్న ఆ బిస్కట్ పొట్లం ఎక్కడ కొన్నావు?"

"లీమా విమానాశ్రయంలో. అక్కడ టిఫిన్ దొరక్క."

"విప్పలేదుగా?"

"లేదు."

"ఏదీ, లెఫ్టినెంట్ గారి చేతిలో పెట్టు."

లెఫ్టినెంట్ పొట్లం అందుకున్నాడు. అది అప్పడంలా చదునుగా ఉంది. ఆయన దాన్ని నొక్కాడు, తిప్పాడు, మళ్లీ నొక్కాడు. పొద్దున తన బల్ల మీద దిండులా ఉబ్బిన పొట్లం గుర్తొచ్చినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తేసరికి లియాంద్రో అక్కడ లేడు. సంచులు రెండూ విసిరేసి మెట్ల మీద కిందికి దూకుతున్నాడు.

"పట్టుకోండి," అని కేకేశాడు లెఫ్టినెంట్. తను మాత్రం కదల్లేకపోయాడు.

లియాంద్రోకి ఊపిరి ఉంది, కాళ్లలో వేగం ఉంది. తెలియనిదల్లా దుంపలమ్మే ఆడవాళ్ల ఐకమత్యం. పొద్దున ఎర్ర జాకెట్టు వేసుకుని వాళ్ల బుట్టలు తన్నుకుంటూ పోయినవాడు వీడేనన్న సంగతి పైనుంచి సబీనా ఒక్క మాట వాళ్ల అయిమారా భాషలో చెప్పగానే కిందిదాకా పాకింది. మొదటి ఆవిడ ఒక గోనెసంచి ఒరగదోసింది. దుంపలు మెట్ల మీద దొర్లాయి. లియాంద్రో వాటి మీద కాలు వేశాడు. తరవాతి మలుపులో అతన్ని జెనోబియా తన కడుపుతో ఆపింది. ఆ మీదట ఇద్దరు ఆడవాళ్లు వాడి మీదే కూచుని అంగడి సాగించారు.

"జాగ్రత్తమ్మా," అని పైనుంచి అరిచింది సబీనా. "సాక్షి. నలగ్గొట్టకండి."

* * *

దుకాణంలో దోన్ ఇలారియోన్ అందరికీ వేడివేడి టీ పోశాడు. గోడల నిండా ముఖతొడుగులు, రంగు పూసినవి, పూయనివి, నాలుక చాపినవి. దొంగ కాదని తేలిన హిమేనా ఒక మూల చాప మీద కూచుని టీ తాగుతోంది. ముఖంలోకి రంగు తిరిగొచ్చింది.

లియాంద్రోని కానిస్టేబుళ్లు తీసుకుపోయారు. పోతూ పోతూ వాడు ఒక్క ముక్క చెప్పలేదు. పైగా ఈల వేశాడు. అది సబీనాకి నచ్చలేదు.

లెఫ్టినెంట్ గొంతు సవరించుకున్నాడు. "నేనెప్పుడూ అనుమానిస్తూనే ఉన్నాను. ఆ అబ్బాయి చూపు బాగోలేదు."

"పత్రికల వాళ్లతో అలాగే చెప్పు. నేనేం అనను." సబీనా చేయి చాపింది. "ఆ ముఖతొడుగు సీలు ఒకసారి తియ్యి."

"సాక్ష్యం అది."

"ఎద్విన్."

ఆయన సీలు తీశాడు. సబీనా ముఖతొడుగుని రెండు చేతులతో అందుకుంది. అందుకున్న చేతులు అనుకున్నదానికంటే పైకి లేచాయి. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "తల్లీ హిమేనా. పొద్దున్నుంచి నీ సంచీ నీకు బరువుగా ఉందా?"

"చచ్చేంత. నీళ్ల సీసా మోయలేక సగం పారబోశాను. చొక్కా ఒకటి పారేద్దామనుకున్నాను కూడా."

"పోలీసులు వచ్చినప్పుడు సంచీ నువ్వే ఎత్తావా?"

"నేనే. నా చేతే మోయించారు."

"అప్పుడు బరువు పెరిగినట్టనిపించిందా?"

హిమేనా తల అడ్డంగా ఊపింది. "లేదు. అదే నాకర్థం కాలేదు. ఇంత ముఖం లోపలుంటే తెలియాలి కదా."

సబీనా ముఖతొడుగుని ముసలాయనకి ఇచ్చింది. పొద్దున స్టేషనులో ఆయన దాన్ని సంచీలోంచి చూశాడే గాని ముట్టుకోలేదు. ఇప్పుడు ముట్టుకున్నాడు. గిన్నెలో టీ ఒలికింది.

"ఇది మాది కాదు," అన్నాడు దోన్ ఇలారియోన్. "మా తాత ముఖం పెట్టుకుంటే మూడు రోజులు మెడ తిరగదు. ఇది రేకు. పైన వెండి పూత."

లెఫ్టినెంట్ కూలబడ్డాడు. హిమేనా టీగిన్నె పక్కన పెట్టి, తనకి కాస్త గాలి కావాలని చెప్పి, జెనోబియాతో కలిసి గుమ్మం బయటికి వెళ్లింది.

"అసలుది మెట్ల పైన కారులో వెళ్లిపోయింది," అంది సబీనా. "పిల్ల నిద్రపోతుంటే లియాంద్రో ఆమె జాకెట్టు, సంచీ తగిలించుకుని దాన్ని కాజేసి, అక్కడ అందించి, ముందే సిద్ధంగా ఉంచుకున్న ఈ నకలుని పిల్ల సంచీలో పెట్టాడు. దొంగ దొరికింది, సొత్తు దొరికింది, ఇక ఎవరూ వెతకరు. రేపు బరువు తేడా బయటపడినా పడే నింద ఎవరి మీద బాబూ? సీలు వేసి దాచిన స్టేషను మీద."

లెఫ్టినెంట్ జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "పైనున్న మేజర్ నన్ను బతకనివ్వడు."

"ఇంత బాగా నకలు చెయ్యాలంటే అసలుది కొన్నాళ్లు ఎదురుగా ఉండాలి. దోన్ ఇలారియోన్, ఇది ఎప్పుడైనా గడప దాటిందా?"

"ఊరేగింపుకి తప్ప దాటదు." ముసలాయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "పోయిన నెల ఒక్కసారి. ఆహ్వానపత్రం మీద బొమ్మ వేయించాలంటే ఇచ్చాను. ఈ ఏడు పండగ ఖర్చంతా పెట్టుకున్న పెద్దమనిషి, కాదనలేకపోయాను. అంతకుముందు రెండుసార్లు కొంటానని అడిగాడు. నా ముఖం నేను అమ్ముకోనన్నాను. నవ్వి ఊరుకున్నాడు."

"దోన్ కసిమీరోనా?"

"ఆయనే."

సబీనా లెఫ్టినెంట్ వైపు తిరిగింది. "చౌకులో ఎర్ర జాకెట్టు పిల్ల ఉందని నీకు కబురు చెప్పిందెవరు? ఇప్పటిదాకా అడగలేదు. మర్యాదకి ఆగాను."

ఆయన వంగి బూటు మీది దుమ్ము తుడిచాడు. "దోన్ కసిమీరో. ఆయన డ్రైవరు చూశాడన్నారు. తన పేరు బయటికి రాకూడదన్నారు. ఊరికి పెద్ద. నేనెలా..."

అప్పుడే జెనోబియా లోపలికొచ్చింది. ముఖం పండగ దీపంలా వెలిగిపోతోంది. చేతిలో ఎవరో ఇచ్చిన మిఠాయిల డబ్బా ఉంది.

"పాపం, ఆ పిల్ల అదృష్టం తిరిగింది వదినా. దోన్ కసిమీరో స్వయంగా వచ్చాడు. మా ఊళ్లో నీకిలా జరిగింది, సిగ్గుపడుతున్నానమ్మా అని టోపీ తీసి మరీ క్షమాపణ అడిగాడు. పెద్దమనిషంటే అలా ఉండాలి."

సబీనా లేచి నిలబడింది. "పిల్ల ఏది?"

"అదే చెప్తున్నా. ఆయన్ని చూడగానే పిల్ల నవ్వేసింది. 'అయ్యో, మీరా. పొద్దున కేబుల్ కారు దగ్గర లియాంద్రోకి మూట ఇచ్చింది మీరే కదా' అంది. ఎంత గుర్తో చూడు. ఆయనకి ముచ్చటేసినట్టుంది, ఇంకెవరికీ చెప్పకుండా చేయి పట్టుకుని కారెక్కించాడు. కొండ అంచు నుంచి ఊరంతా చూపిస్తాడట."

 జెనోబియా ఒక్కొక్కరి ముఖమే చూసింది. మిఠాయిల డబ్బా మెల్లగా కింద పెట్టింది.

"నేనేమైనా తప్పు చేశానా?"

సబీనా అప్పటికే పావడాలు చేత్తో ఎత్తిపట్టుకుని గుమ్మం దాటింది. వెనకే లెఫ్టినెంట్ వచ్చాడు. జీపు దగ్గర ఆయన తలుపు తీశాడు, లోపలికి వంగాడు, మళ్లీ నిటారుగా నిలబడి తాళంచెవి ఆవిడ ముందు చాపాడు.

"మీరు నడపండి, దోన్యా సబీనా. ఇక ఈ కేసు మీది."